ధ్రువోపాఖ్యానంలో పునరాగమన ఘట్టం: విముఖ బాలుని ప్రేమస్వీకారం – కోసిగి ప్రాంత బాల్యం నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం

పోతన ఆంధ్రమహాభాగవతం చతుర్థస్కంధంలోని ధ్రువోపాఖ్యానాన్ని భక్తికీ పట్టుదలకూ నిదర్శనంగా చదవడం పరిపాటి. ఆ పఠనంలో కథ శ్రీహరి సాక్షాత్కారంతోనే పూర్తయినట్లు కనిపిస్తుంది. ధ్రువుడు ఇంటికి తిరిగివచ్చే ఘట్టానికి విమర్శలోనూ తరగతిగదిలోనూ తగిన చోటు దక్కలేదు. తండ్రి ఒడికి దూరమై, మనుషులకు ముఖం చాటేసిన ఒక పసివాడు తిరిగి వారి ప్రేమను స్వీకరించే క్రమంగా ఆ ఘట్టాన్ని వివేచించడం ఈ వ్యాసం ఉద్దేశం. విష్ణుపురాణంలోని ధ్రువకథతోనూ, ఆదోని ప్రాంతంలో ప్రచారంలో ఉన్న వెంకన్న ఐతిహ్యంతోనూ పోల్చి, వలసల సీమ అయిన కోసిగిలో ఈ పాఠాన్ని ఎలా బోధించాలన్న ప్రశ్నను పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: ధ్రువోపాఖ్యానం, పోతన, పునరాగమనం, బాలల మనస్తత్వం, వాత్సల్యం, సుగ్గి, కోసిగి, వెంకన్న ఐతిహ్యం.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి బాల్యంలో పురాణ బాలురు ఇద్దరు స్థిరంగా నిలిచిపోయారు. ఒకరు ప్రహ్లాదుడు, మరొకరు ధ్రువుడు. ఇద్దరికీ తండ్రితోనే చిక్కు. అయితే ఆ చిక్కుల స్వభావం వేరు. ప్రహ్లాదుని తండ్రి కొడుకును వేధిస్తాడు. ధ్రువుని తండ్రి ఏమీ చేయడు. సవతితల్లి మాటలతో కొడుకు మనసు గాయపడుతుంటే ఉత్తానపాదుడు మాట్లాడకుండా కూర్చుంటాడు. హింసను ఎదుర్కొన్న పిల్లవాడికి ఎదిరించడానికి ఒక ఎదుటివాడు ఉంటాడు. మౌనాన్ని ఎదుర్కొన్న పిల్లవాడికి ఎదిరించడానికి ఎవరూ ఉండరు. అందుకే ప్రహ్లాదుడు సభలోనే నిలబడి వాదిస్తాడు. ధ్రువుడు ఇల్లు విడిచి వెళ్ళిపోతాడు.

ధ్రువునిది అయిదేళ్ళ వయసు. ఆ వయసు బాలుడు అడవికి పోయి తపస్సు చేయడాన్ని భక్తిశాస్త్రం ఒక విధంగా వ్యాఖ్యానిస్తుంది. ఆ వ్యాఖ్యానాన్ని కాదనవలసిన అవసరం లేదు. అయితే కథలో భక్తితోపాటు మరొక సూత్రం కూడా మొదటినుంచీ చివరిదాకా సాగుతోంది. అది ఒక కుటుంబం విరిగి అతుక్కోవడం. భాగవతకర్త ఆ రెండవ సూత్రాన్ని ఎంత శ్రద్ధగా అల్లాడో తెలియాలంటే కథను శ్రీహరి ప్రత్యక్షమైన చోట ఆపకుండా, ధ్రువుడు ఊరి పొలిమేరకు చేరేదాకా చదవాలి.

2. కోసిగి నేపథ్యం: సుగ్గి – మిగిలిపోయిన పిల్లలు

ఒక పురాణఘట్టాన్ని ఒక ఊరి నేపథ్యంలో చదవడానికి కారణం ఉండాలి. కర్నూలు జిల్లా పశ్చిమభాగంలో, ఆదోనికీ మంత్రాలయం రోడ్డుకూ నడుమ ముంబయి–చెన్నై రైలుమార్గం మీద ఉన్న మండలకేంద్రం కోసిగి. తుంగభద్ర చేరువలోనే పారుతున్నా ఈ సీమలో వానను నమ్ముకున్న చేలే ఎక్కువ. అక్షరాస్యత బాగా తక్కువగా నమోదైన మండలాల్లో కోసిగి ఒకటి. కన్నడసీమ పక్కనే ఉండడంవల్ల ఇక్కడి పలుకుబడిలో కన్నడపదాలు సహజంగా కలిసిపోయాయి. ‘సుగ్గి’ అటువంటి మాట. కన్నడంలో అది పంటకోతల కాలానికి పేరు. అక్కడ అది పండుగతో ముడిపడిన మాట. ఆదోని, కోసిగి, కౌతాళం ప్రాంతాల్లో ‘సుగ్గికి పోవడం’ అంటే సొంత ఊళ్ళో పని ముగిశాక గుంటూరు వైపు మిరపకోతకూ పత్తితీతకూ కుటుంబాలు తరలిపోవడం. ఒకే మాట సరిహద్దు దాటేసరికి పండుగ నుంచి వలసకు మారింది.

సుగ్గికి పోయే తల్లిదండ్రుల ముందు రెండే దారులుంటాయి. పిల్లలను వెంట తీసుకుపోతే బడి పోతుంది. అవ్వతాతల దగ్గర వదిలిపెడితే నెలలతరబడి అమ్మానాన్నలు దూరమవుతారు. బడి పోకుండా చూడడానికి సర్వశిక్షా అభియాన్ కాలం నుంచి ‘సీజనల్ హాస్టళ్లు’ నడుపుతున్నారు. వలసకాలంలో పిల్లలకు అన్నం, పడక, చదువు అక్కడ దొరుకుతాయి. ఆ ఏర్పాటు విలువ తక్కువది కాదు. అయితే వలసకాలం ముగిశాక జరిగే ఒక చిన్న సంఘటనకు ఏ పథకంలోనూ పద్దు ఉండదు. అది తల్లిదండ్రులు తిరిగివచ్చిన రోజు. మూటలు దించి తల్లి చేతులు చాచినప్పుడు పిల్లలందరూ పరుగెత్తుకు రారు. కొందరు అవ్వ కొంగు చాటునే నిలబడిపోతారు. పెద్దలు దాన్ని ‘మరిచిపోయినాడు’ అనో ‘మొండికేసినాడు’ అనో అనుకుంటారు.

మనస్తత్వశాస్త్రం ఆ నిలబడిపోవడానికి వేరే అర్థం చెప్పింది. జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో, తల్లికి దూరంగా ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ళ పాపను చిత్రీకరించి పెద్దల కళ్ళు తెరిపించాడు. ఆయనా, జాన్ బౌల్బీ కలిసి వియోగంలో ఉన్న శిశువు మూడు దశలు దాటుతుందని గుర్తించారు. మొదట నిరసన, తరువాత నిరాశ, ఆపైన విముఖత. మూడవ దశలో పిల్ల ఏడవదు, అడగదు. పెద్దలకు ‘సర్దుకుంది’ అనిపిస్తుంది. తల్లి తిరిగివచ్చినప్పుడు ముఖం తిప్పుకోవడం ఆ దశ లక్షణం. బౌల్బీ 1969 నుంచి 1980 వరకు మూడు సంపుటాలుగా వెలువరించిన గ్రంథంలోనూ, మేరీ ఐన్స్‌వర్త్ పరిశీలనల్లోనూ తేలిన ముఖ్యాంశం ఒకటే. ముఖం తిప్పుకున్న పిల్లకు ప్రేమ అక్కరలేదని కాదు. మళ్ళీ ఆశపడి మళ్ళీ దెబ్బతినడానికి ఆ పిల్ల సిద్ధంగా లేదు.

ఇటువంటి పిల్లలు కూర్చున్న తరగతిగదిలో ధ్రువోపాఖ్యానాన్ని ‘పట్టుదల ఉంటే ఏదైనా సాధించవచ్చు’ అన్న నీతితో ముగించడం ఆ పాఠానికీ పిల్లలకూ న్యాయం చేయదు. తండ్రి ఒడి దక్కని పిల్లవాడికి ‘నీవూ తపస్సు చెయ్’ అని చెప్పినట్లవుతుంది. ఆ కథలో పెద్దలు చేసిన పనులేమిటో కూడా చెప్పాలి. అవి చెప్పాలంటే ముందుగా ధ్రువుడు ఎందుకు విముఖుడయ్యాడో చూడాలి.

3. గాయం స్వరూపం

ఉత్తానపాదునికి సునీతి, సురుచి ఇద్దరు భార్యలు. సురుచి కుమారుడు ఉత్తముడు తండ్రి తొడమీద కూర్చున్నాడు. ధ్రువుడు తానూ ఎక్కబోయాడు. నా కడుపున పుట్టనివాడికి ఆ చోటు దక్కదనీ, కావాలంటే శ్రీహరిని ఆరాధించి నా గర్భాన పుట్టమనీ సురుచి ఎత్తిపొడిచింది. రాజు విన్నాడు, ఊరుకున్నాడు.

ఇక్కడ సురుచి మాట ఎంత క్రూరమైనదో గమనించాలి. ‘తప్పు చేశావు’ అంటే దిద్దుకునే వీలుంటుంది. ‘పుట్టుక చాలదు’ అంటే దిద్దుకునే వీలే లేదు. చేసిన పనిని కాక ఉనికినే తిరస్కరించిన మాట అది. ధ్రువుడు ఆ సభలో ఒక్కమాట కూడా మాట్లాడడు. భాగవతం అతణ్ణి దెబ్బతిన్న పాముతో పోల్చి, బుసకొట్టే కోపంతో తల్లివద్దకు పోయినట్లు చెబుతుంది. పసివాడికి పామును ఉపమానంగా తేవడంలో ఔచిత్యం ఉంది. ఆ పిల్లవాడు ఇప్పుడు చేరదీయడానికి సులువైనవాడు కాడు. చేయి చాపినవారిని కూడా కాటువేయగల స్థితిలో ఉన్నాడు. విముఖ బాలుడు పెద్దలకు తరచుగా ఇలాగే కనిపిస్తాడు. అతనిలోని దుఃఖంకన్న ముందు అతనిలోని కోపమే కంటబడుతుంది.

4. చేరదీసిన ఇద్దరు

అడవికి పోయేలోగా ధ్రువునికి ఇద్దరు పెద్దలు ఎదురవుతారు. వారు చేసిన పనులు, చేయకుండా విడిచిన పనులు రెండూ ముఖ్యమైనవే.

మొదటి వ్యక్తి సునీతి. ఆమె కొడుకును తొడమీదికి తీసుకుని కన్నీరు పెట్టుకుంటుంది. అయితే ‘అదేమీ లేదు, నాన్నకు నీవంటే ఇష్టమే’ అని బుజ్జగించదు. తనను భార్యగా చెప్పుకోవడానికి రాజు సిగ్గుపడుతున్నాడన్న నిజాన్ని దాచదు. సురుచి చెప్పినదాంట్లో శ్రీహరిని ఆరాధించమన్న మాట మాత్రం మంచిదేననీ, ఇతరులమీద కీడు తలపెట్టవద్దనీ చెబుతుంది. పిల్లవాడు చూసినదాన్ని చూడలేదనకపోవడం ఆమె గొప్పతనం. గాయాన్ని కాదనే ఓదార్పు పిల్లవాణ్ణి ఇంకా ఒంటరిని చేస్తుంది. తాను అనుభవించింది నిజమా కాదా అన్న సందేహం కూడా అతనికి తోడవుతుంది.

రెండవ వ్యక్తి నారదుడు. ఆయన మొదట చేసిన పని మాట్లాడడం కాదు. బాలుని తలమీద చేయి పెట్టడం. ఆ తరువాతే పలుకరిస్తాడు. ఆటపాటల్లో మునిగే పసివాడికి మానమేమిటి, అవమానమేమిటి అని అడుగుతాడు. ఇంటికి పొమ్మంటాడు, ఉన్నదానితో తృప్తిపడమంటాడు. అది పెద్దలందరూ చెప్పే హితవే. ధ్రువుడు దాన్ని తోసిపుచ్చుతాడు. సురుచి మాటల బాణాలతో చిల్లులుపడిన తన హృదయంలో ఆ శాంతిబోధ నిలవదని నిర్మొహమాటంగా చెబుతాడు. ఒక పసివాడు ఒక మహర్షి ఉపదేశాన్ని కాదనగలిగాడంటే దానికి కారణం ఆ తలమీద పడిన చేయి. భయం ఉన్నచోట పిల్లలు కాదనలేరు. ఆ నిరాకరణకు నారదుడు కోపగించుకోడు. తన మాట వెనక్కి తీసుకుని, బాలుడు ఎంచుకున్న దారికే విధివిధానం చెబుతాడు. యమునాతీరంలోని మధువనాన్ని చూపిస్తాడు, ద్వాదశాక్షరిని ఉపదేశిస్తాడు. పిల్లవాడి ఏకాంతాన్ని బలవంతంగా తొలగించకుండా, ఆ ఏకాంతానికి ఒక చోటునూ ఒక పనినీ ఇవ్వడం ఇక్కడి విశేషం.

5. తల్లి పిలుపు: రెండు పురాణాల తేడా

ధ్రువకథ విష్ణుపురాణం ప్రథమాంశంలోనూ ఉంది. ఆ పురాణాన్ని వెన్నెలకంటి సూరన తెనిగించాడు. ఈ రెండు కథనాల మధ్య తేడాలు అనేకం. విష్ణుపురాణంలో ధ్రువునికి మార్గం చూపేది నారదుడు కాదు, సప్తర్షులు. ప్రస్తుతాంశానికి అంతకన్న కీలకమైన తేడా తల్లికి సంబంధించినది.

విష్ణుపురాణంలో తపోభంగానికి పన్నిన మాయలో సునీతి రూపం ఒకటి. ఆ మాయాసునీతి కొడుకు ఎదుట నిలిచి, కష్టమైన ఈ వ్రతాన్ని విడిచి రమ్మని కన్నీటితో బతిమాలుతుంది. ధ్రువుడు ఆమెను చూసీ చూడనట్లే ఉండిపోతాడు. అక్కడ తల్లిప్రేమ ఒక విఘ్నం. దాన్ని జయించడమే బాలుని ఘనత. అందుకు తగినట్లే ఆ కథనం అతణ్ణి ఇంటికి నడిపించడంమీద శ్రద్ధ పెట్టదు. అతని దృష్టి అంతా ధ్రువపదం మీదే.

భాగవతంలో ఆ మాయాసునీతి లేదు. తపస్సు కఠినత మాత్రం అంతే ఉంది. మొదటి నెల మూడేసి రాత్రులకొకసారి వెలగపండూ రేగుపండూ, రెండవ నెల ఆరేసి దినాలకొకసారి రాలిన ఆకులూ గడ్డీ, మూడవ నెల నీరు, నాలుగవ నెల గాలి, అయిదవ నెల ఊపిరి బిగబట్టి ఒంటికాలిమీద నిలవడం. క్రమక్రమంగా లోపలికి ముడుచుకుపోతున్న ఒక ప్రాణి చిత్రం ఇది. ఆ బాలుడు శ్వాసను నిలిపేసరికి లోకాలన్నిటికీ ఊపిరాడలేదు. ఈ కల్పనలో తాత్త్విక సంకేతంతోపాటు మానవసత్యమూ ఉంది. ఇంట్లో ఒక పిల్లవాడు పూర్తిగా మూగబోతే ఆ ఇల్లు మొత్తానికీ ఊపిరి సలపదు.

శ్రీహరి ప్రత్యక్షమైనప్పుడు ధ్రువునికి మాట రాదు. స్తుతించాలని ఉంది, స్తుతించడం తెలియదు. ఆ స్థితిని గ్రహించిన స్వామి శంఖంతో అతని చెక్కిలి తాకుతాడు. అప్పుడు వాక్కు వెలువడుతుంది. నారదుడు తలమీద చేయిపెట్టాడు, శ్రీహరి చెక్కిలి తాకాడు. కథలో ఈ బాలునికి మేలుచేసిన ప్రతి ఘట్టంలోనూ మాటకన్న స్పర్శే ముందు వస్తుంది. విష్ణుపురాణం తల్లిప్రేమను మాయగా నిలిపిన చోట భాగవతం మౌనం వహించి, ఆ ప్రేమను పునరాగమన ఘట్టానికి దాచిపెట్టింది. కథాసంవిధానంలో ఇది గొప్ప మార్పు. బాలుని విజయం ప్రేమను కాదనడంలో ఉందా, తిరిగి అందుకోవడంలో ఉందా అన్న ప్రశ్నకు రెండు గ్రంథాలూ వేర్వేరు సమాధానాలిచ్చాయి.

6. పునరాగమనం: దిగివచ్చిన తండ్రి

వరం పొందిన ధ్రువుడు సంతోషంగా ఇంటికి రాలేదు. ఇది భాగవతంలోని సూక్ష్మమైన అంశాల్లో ఒకటి. మోక్షమివ్వగల స్వామిని పదవి అడిగానే అని పశ్చాత్తాపపడతాడు. ఆ ఆత్మనిందలోనే మరొక మాట ఉంది. తోడబుట్టినవాణ్ణి పగవాడిగా తలచి ఇంతకాలం మనసు మండించుకున్నానన్న గ్రహింపు అది. వైముఖ్యం కరగడం ఇక్కడే మొదలయింది. ఇంటివారెవరూ ఇంకా అతణ్ణి ముట్టుకోలేదు. తన కోపాన్ని తానే దూరంనుంచి చూడగలిగాడు.

అటు రాజధానిలో కొడుకు వస్తున్నాడన్న కబురు విని ఉత్తానపాదుడు నమ్మలేకపోతాడు. చచ్చినవాడు తిరిగివచ్చాడన్నట్లు తోస్తుంది. తనవంటి అభాగ్యునికి ఇంత మేలు ఎక్కడిదని శంకిస్తాడు. తరువాత కబురు తెచ్చినవానికి ముత్యాలహారం బహూకరించి, బ్రాహ్మణులతో, కులవృద్ధులతో, మంత్రులతో, బంధువులతో, మంగళవాద్యాలతో ఎదురేగుతాడు. సునీతీ సురుచీ ఉత్తమునితోపాటు పల్లకిలో బయలుదేరుతారు. ఊరిచెంత ఉపవనం దగ్గర కొడుకు కంటబడగానే రాజు రథం దిగుతాడు.

కథ మొత్తంలో ఉత్తానపాదుడు తనంతట తాను కదిలిన ప్రథమ సందర్భం ఇదే. మొదట్లో సింహాసనంమీద కదలకుండా కూర్చున్నవాడు ఇప్పుడు రథం దిగి నడిచాడు. నాడు పిల్లవాడు ఎత్తైన తొడమీదికి ఎక్కబోయి దిగవలసివచ్చింది. నేడు తండ్రే కిందికి దిగివచ్చాడు. ఎక్కలేకపోయిన పిల్లవాడి కథను దిగివచ్చిన తండ్రితో పూర్తిచేయడం ఈ నిర్మాణంలోని అందం. రాజు ఏ సంజాయిషీ చెప్పడు, ఏ ప్రశ్నా అడగడు. కౌగిలించుకుంటాడు, శిరస్సు మూర్కొంటాడు, కన్నీటితో తడుపుతాడు.

ధ్రువుడు తండ్రికి మొక్కి తల్లులకు మొక్కుతాడు. ఇక్కడి వరుస గమనించదగినది. కన్నతల్లి కౌగిలికన్న ముందు సురుచి కౌగిలి వర్ణితమయింది. కాళ్ళమీద పడిన బాలుణ్ణి ఆమె లేవనెత్తి, గద్గదకంఠంతో చిరంజీవివి కమ్మని దీవిస్తుంది. ‘నా కడుపున పుట్టలేదు’ అన్న నోటినుంచే ‘బతుకు’ అన్న మాట వచ్చింది. పుట్టుకను తిరస్కరించిన మాటకు ఇంతకన్న సరైన విరుగుడు లేదు. ఆపైన అన్నదమ్ములిద్దరూ పులకించి కౌగిలించుకుంటారు. చివరికి సునీతి. ఆమె చన్నులు చేపి, పాలూ కన్నీరూ కలిసి కొడుకును తడుపుతాయి. అయిదేళ్ళవాడు మళ్ళీ చంటిబిడ్డ అయ్యాడు. వియోగంలో ముందుగానే పెద్దవాడైపోయిన పిల్లవాడికి తిరిగి పసితనం దొరకడం ఈ వర్ణన సూచించే మేలు. తరువాత ధ్రువుడు ఉత్తమునితో కలిసి ఒకే ఏనుగు ఎక్కి నగరంలో అడుగుపెడతాడు. ఒకరికి మాత్రమే చోటున్న ఆసనంతో మొదలైన కథ ఇద్దరికీ చోటున్న ఆసనం దగ్గరికి చేరింది.

7. ఒక ఆక్షేపం

ఇక్కడ న్యాయమైన ఆక్షేపం ఒకటి ఉంది. ధ్రువుడు వరం పొంది వచ్చాడు కాబట్టే ఇంతటి ఆదరణ దక్కిందా? అలాగయితే ఇది ప్రేమ కాదు, విజయానికి దక్కిన సన్మానం. ఏ వరమూ లేకుండా ఇంట్లోనే మిగిలిపోయే పిల్లలకు ఈ కథ ఏమి చెబుతుంది?

కథాక్రమం దీనికి సమాధానం ఇస్తుంది. ధ్రువుడు మధువనంలో ఉండగానే నారదుడు ఉత్తానపాదుని దగ్గరికి వెళ్తాడు. రాజు వాడిన ముఖంతో ఉంటాడు. స్త్రీకి లొంగి, తొడ ఎక్కవచ్చిన పసివాణ్ణి ఆదరించలేకపోయాననీ, అడవిలో అలసి నిద్రించే బిడ్డను తోడేళ్ళు తింటాయేమోననీ కుమిలిపోతాడు. అప్పటికి తపస్సు ఫలించలేదు. కొడుకు బతికివస్తాడో లేదో కూడా తెలియదు. నారదుడు ధైర్యం చెప్పివెళ్ళాక కూడా రాజు రాజ్యలక్ష్మిని పట్టించుకోక కొడుకునే తలచుకుంటూ ఉంటాడు. అంటే తండ్రి పరితాపం కొడుకు విజయానికి ముందే పుట్టింది. నారదుణ్ణి రెండువైపులా తిప్పిన కవి దృష్టి ఇక్కడ తెలుస్తుంది. ఆయన పిల్లవాడికి దారి చూపాడు, పెద్దవాడికి తన తప్పును తాను చెప్పుకునే అవకాశమిచ్చాడు. తండ్రి మారకుండా కొడుకు తిరిగివచ్చి ఉంటే ఆ ఇల్లు పాత ఇల్లుగానే ఉండేది.

సురుచి విషయంలో ఆక్షేపం కొంతవరకు నిలుస్తుంది. ఆమె మార్పుకు ముందస్తు పరితాపం చూపలేదు. హరి ప్రసన్నుడైనవాడికి, నీరు పల్లానికి పారినట్లు, సర్వభూతాలూ తమంతట తామే వంగుతాయని గ్రంథం వివరణ ఇచ్చింది. అంటే తండ్రి ప్రేమ ఫలానికి ముందుది, సవతితల్లి ప్రేమ ఫలానికి తరువాతిది. అయినా ధ్రువుడు ఈ రెంటినీ తూకం వేయడు. ఎవరి ప్రేమ ఎప్పుడు పుట్టిందని విచారించకుండా ఇద్దరి కాళ్ళకూ మొక్కుతాడు. ప్రేమను స్వీకరించడం అంటే ఇచ్చేవారి అర్హతను తేల్చడం కాదన్న ఎరుక ఈ మొక్కులో ఉంది. అది పసివాడి అమాయకత్వం కాదు. దారిలోనే తన పగను తాను చూసుకున్నవాడి పరిణతి.

8. స్వీకరించిన ప్రేమ మిగిల్చిన జాడ

కౌగిలింతలతో కథ ముగిసివుంటే ఇది మంగళాంతం మాత్రమే. ఆ ప్రేమ ధ్రువునిలో నిలిచిందా లేదా అన్నదానికి ఉత్తరకథ సాక్ష్యం. ఉత్తముడు వేటకు పోయి యక్షుని చేతిలో మరణిస్తాడు. సురుచి కూడా ఆ దారినే పోతుంది. ధ్రువుడు ఉగ్రుడై యక్షులమీద దండెత్తి, దోషులనూ నిర్దోషులనూ ఏకంగా సంహరిస్తాడు. తాత స్వాయంభువ మనువు వచ్చి ఆపుతాడు. ఒకడి తప్పుకు ఇందరిని చంపడం తగదనీ, తమ్మునిమీది ప్రేమ నీ చేత ఈ పని చేయించిందనీ మందలిస్తాడు.

ఈ యుద్ధం ధ్రువుని చరిత్రకు మచ్చ. అయితే మానసికంగా చూస్తే మరొక సంగతి బయటపడుతుంది. ఏ తమ్ముణ్ణి తొడమీద చూసి ఇల్లు విడిచాడో ఆ తమ్మునికోసమే అతడు లోకంమీద కత్తి దూశాడు. అన్నదమ్ముల కౌగిలింత రాజవీధి కోసం చేసిన ప్రదర్శన కాదని దీనివల్ల రుజువవుతుంది. ఆలస్యంగా దొరికిన ప్రేమ పోయినప్పుడు దుఃఖం హద్దులు దాటుతుందన్నదీ ఇందులో ఉంది. అప్పుడు మందలించే పెద్దదిక్కు ఉండడం, ఆ మందలింపును ధ్రువుడు తలవంచి వినడం ముఖ్యం. చిన్ననాడు నారదుని హితవును కాదన్నవాడు పెద్దయ్యాక తాత మాటను మన్నించాడు. చివరికి దివ్యవిమానం వచ్చినప్పుడు, దీనురాలైన తల్లిని విడిచి ఎలా వెళ్ళనని తలపోస్తాడు. ఆమె తనకన్న ముందే మరో విమానంలో వెళ్తుండడం చూసి తృప్తిపడతాడు. ఇల్లు విడిచిపోయిన పిల్లవాడు ధ్రువపదానికి కూడా తల్లిని విడిచి వెళ్ళలేనివాడయ్యాడు.

9. ఆదోని సీమలో మరో బాలుడు

కోసిగికి చేరువలోని మంత్రాలయంతో ముడిపడిన ఒక ఐతిహ్యం ఈ చర్చకు దగ్గరగా నిలుస్తుంది. తల్లిదండ్రులను కోల్పోయి, బంధువుల ఇంట పశువులు కాస్తూ, అక్షరం ముక్క నేర్వని వెంకన్న అనే బాలుడు సంచారంలో ఉన్న రాఘవేంద్రస్వామికి తన గోడు చెప్పుకున్నాడు. స్వామి మంత్రాక్షతలిచ్చి, కష్టం వచ్చినప్పుడు తనను తలచుకొమ్మన్నాడు. తరువాతి కాలంలో ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ తనకు వచ్చిన లేఖను చదవమని వెంకన్నను బెదిరించాడు. చదువురాని వెంకన్న స్వామిని తలచుకుని చదవగలిగాడు, దివానయ్యాడు. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన మంచాల గ్రామం స్వామికి దక్కడంలో ఈ వెంకన్న ప్రమేయం ఉందని ఐతిహ్యం చెబుతుంది.

ఇందులోని మహిమను పక్కనపెట్టి బాలుని కోణంనుంచి చూస్తే ధ్రువకథతో పోలిక స్పష్టమవుతుంది. ఇద్దరికీ అడ్డదారిన ఎదురైన ఒక పెద్దమనిషే ఆధారం. తేడా కూడా ఉంది. ధ్రువునికి తిరిగివెళ్ళడానికి ఇల్లుంది, వెంకన్నకు లేదు. అందువల్ల వెంకన్న కథలో పునరాగమనం ఉండదు. దాని స్థానంలో ‘తలచుకోవడం’ ఉంటుంది. ఒక్కసారి ఆదరంగా విన్న మనిషిని కష్టకాలంలో మనసులో నిలుపుకోగలగడమే ఆ అనాథకు దొరికిన ఇల్లు. శిశువు తాను నమ్మిన పెద్దల రూపాన్ని లోపల నిలుపుకుని, వారు ఎదుట లేనప్పుడు దాన్నే ఆసరా చేసుకుంటుందని బౌల్బీ సిద్ధాంతం. ఆదోని సీమ జనం ఆ సంగతిని తమ పద్ధతిలో ఏనాడో కథగా చెప్పుకున్నారు.

వెంకన్నకు పశువుల కాపలా పడింది, చదువు దక్కలేదు. అదే సీమలో నేడు సుగ్గివల్ల బడి పోగొట్టుకునే పిల్లలకు ఈ కథ ఎక్కడో జరిగిన కథగా తోచదు. అయితే లేఖ చదివించిన మహిమను చెప్పి ఊరుకుంటే పిల్లలు మహిమ కోసమే ఎదురుచూస్తారు. పశులకాపరి చెప్పుకున్న గోడును ఒక పెద్ద ఆగి విన్నాడన్న మాటే ఆ కథలో అందరికీ సాధ్యమైనది.

10. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలివి. ధ్రువోపాఖ్యానం రెండు విజయాల కథ. మొదటిది మధువనంలో, రెండవది ఊరి ఉపవనంలో. మొదటి దానికి బాలుని పట్టుదల చాలింది. రెండవ దానికి పెద్దల పనీ కావలసివచ్చింది. గాయాన్ని కాదనకుండా నిజం చెప్పిన తల్లి, మాటకన్న ముందు చేయి చాచి నిరాకరణను సహించిన గురువు, ఫలంకోసం చూడకుండా పరితపించి రథం దిగిన తండ్రి, తన నోటిమాటను తానే తిప్పుకున్న సవతితల్లి కలిసి ఆ బాలుని ప్రేమస్వీకారాన్ని సాధ్యం చేశారు. విష్ణుపురాణంలోని మాయాసునీతిని వదిలి పునరాగమనాన్ని విస్తరించిన భాగవత కథనం, ప్రేమను తపస్సుకు విఘ్నంగా కాక తపస్సు తరువాతి మజిలీగా నిలిపింది.

కోసిగివంటి ఊళ్ళో ఈ పాఠం చెప్పే తెలుగు ఉపాధ్యాయునికి పునరాగమన ఘట్టమే మొదటి అవసరం. ఆ తరగతిలో ధ్రువులు ఎవరో ఆయనకు తెలుసు. సుగ్గినుంచి తిరిగివచ్చే తల్లిదండ్రులు ఉత్తానపాదునివంటివారు కారు. వారు బిడ్డను తోసిపుచ్చలేదు, బతుకే వారిని తోసింది. అయినా పిల్లవాడికి ఆ తేడా వెంటనే తెలియదు. అతడికి తెలిసింది ఒడి ఖాళీ కావడమే. కాబట్టి ముఖం తిప్పుకున్న బిడ్డను మొండివాడని మందలించకుండా కొంతసేపు, కొన్నాళ్ళు వేచి ఉండడం పెద్దలవంతు. అవ్వ కొంగు చాటున నిలబడిన పిల్లవాడు ఎవరి దగ్గరికి ఎప్పుడు నడవాలో తానే నిర్ణయించుకుంటాడు. ఈలోగా రథం దిగి నిలబడవలసింది పెద్దలే.